ఆయన లేని పుట్టినరోజు: నెల ముందు నుంచి ఏం చేయాలి, ఎలా చేయాలి

తద్దినానికి అన్నీ ఉన్నాయి. తిథి పంచాంగం చెబుతుంది, తంతు పురోహితుడు చెబుతారు, ఏం వండాలో ఏం వండకూడదో ఇంట్లో పెద్దవాళ్ళు చెబుతారు. పోయినవాళ్ళ పుట్టినరోజుకి ఎవరూ ఏమీ చెప్పరు. పొద్దున్నే ఫోన్ గుర్తుచేస్తుంది, ఇంట్లోవాళ్ళు మాత్రం ఆ మాట ఎత్తకుండా తప్పుకుని తిరుగుతారు. మా ఆయన పోయిన మొదటి ఏడాది మా ఇంట్లో అలాగే గడిచింది. సాయంత్రం దాకా ఎవరూ నోరు విప్పలేదు. రాత్రి తలుపులు వేసుకుని ఎవరికి వాళ్ళం ఏడ్చాం.

ఆ తర్వాత నుంచి ఆ రోజుని ఒక పద్ధతిలో చేసుకుంటున్నాం. ఆయన పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి, మా ఇల్లు విశాఖలోనే. కాబట్టి నేను చెప్పేవన్నీ ఈ ఊరి సంగతులు. భార్యను పోగొట్టుకున్నవాళ్ళు "ఆయన" అన్నచోట "ఆవిడ" అని చదువుకోండి, మిగతాదంతా ఒకటే.

ఒక మాట ముందే చెప్పాలి. "పోయినవాళ్ళకి పుట్టినరోజేమిటి?" అనేవాళ్ళు మీ ఇంట్లోనూ ఉంటారు. మా పెద్దాడబిడ్డ అన్నారు. "ఆ రోజు ఆయన పుట్టబట్టే కదా వదినా, మీకూ నాకూ ఈ చుట్టరికం" అన్నాను. ఆవిడ మాట్లాడలేదు. మరుసటి ఏడాది మాడుగుల హల్వా డబ్బా పట్టుకుని పొద్దున్నే వచ్చేశారు. వాదించకండి, చేస్తూ ఉండండి, వచ్చేవాళ్ళు వస్తారు.

తేదీ తేల్చుకోండి

మన పెద్దవాళ్ళలో చాలామందికి రెండు పుట్టినరోజులు. బడిలో చేర్చినప్పుడు మాస్టారు వేసిన తేదీ ఒకటి, అమ్మ చెప్పేది ఒకటి. మా ఆయనకి సర్టిఫికెట్‌లో జూలై 1. మా అత్తగారి లెక్కలో వైశాఖమాసం, నృసింహ జయంతి వెళ్ళిన మూడో రోజు. తిథి పట్టుకుంటే ఒక్కో ఏడు ఒక్కో తేదీకి పడుతుంది, దూరాన ఉన్న పిల్లలకి సెలవు దొరకదు. అందుకని పెళ్ళయిన ఏడాది నేను ఆయనకి పాయసం వండిన తేదీనే ఖాయం చేసుకున్నాం. అది మే నెల రెండో వారం. మీరూ కాగితం మీద ఉన్న తేదీ కాకుండా, మీ ఇద్దరూ కలిసి చేసుకున్న తేదీ తీసుకోండి.

పోయి ఇంకా ఏడాది కాకపోతే ఏటిసూతకం అని కొన్ని ఇళ్ళల్లో గుడికి వెళ్ళరు, పండుగ చేయరు. మీ ఇంటి ఆచారం మీది. అలాంటప్పుడు గుడి పనులు పక్కన పెట్టండి. ఆకలిగా ఉన్న మనిషికి అన్నం పెట్టడానికీ రక్తం ఇవ్వడానికీ సూతకం అడ్డు అని మాత్రం మా పురోహితులుగారు కూడా అనలేదు.

నెల రోజుల ముందు: ఆయన ఏం చేసేవారో రాయండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పని, అందరూ వదిలేసేదీ ఇదే. ఎక్కడ ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి అని నేరుగా అక్కడికి వెళ్ళిపోతాం. ముందు ఒక నోటుబుక్కు తీసుకుని కూర్చోండి. ఆయన ఎవరిని చూస్తే ఆగేవారు? మిమ్మల్ని అడగకుండా దేనికి డబ్బు తీసేవారు? ఏ విషయంలో మీరిద్దరూ పోట్లాడుకునేవారు? ఆ చివరి ప్రశ్న నాకు బాగా పనికొచ్చింది.

బీరువా అడుగున ఆయన పాకెట్ డైరీలు ఉన్నాయి, ఏడాదికొకటి. 1994 డైరీ తీశాను. అట్ట మీద నూనె మరక, లోపల నీలం ఇంకు, పైగీత సాగదీసి రాసే ఆయన అక్షరాలు. నెలనెలా మొదటి పేజీలో మొదటి పద్దు ఒకటే: "టీలు – 60". ఆ తర్వాతే బియ్యం, పాలు, ఇంటద్దె. ఆయన టీ తాగరు, కాఫీ మనిషి. ఆ అరవై రూపాయల మీద మేం ఎన్నిసార్లు మాటలనుకున్నామో లెక్కలేదు. అంతకుముందు ఏడాది మా అత్తగారు ఇక్కడి పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఇరవై ఒక్క రోజులు ఉన్నారు. ఆయన రాత్రిళ్ళు బయట వరండాలో న్యూస్‌పేపరు పరుచుకుని పడుకునేవారు. తెల్లారుజామున ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి లేపి చేతికి టీ గ్లాసు ఇచ్చాడట. టీ తాగని మనిషి ఆ రోజు తాగారు. అప్పటి నుంచి నెలకో ఆదివారం తెల్లారకుండా ఆ గేటు దగ్గరికి వెళ్ళి, కాపలా పడుకున్నవాళ్ళకి టీ ఇప్పించి వచ్చేవారు.

మా దారి అక్కడ దొరికింది. మీకు ఇంకొకటి దొరుకుతుంది. ఆవిడ వీధి కుక్కలకి అన్నం కలిపేదా, పనిమనిషి పిల్లకి లెక్కలు చెప్పేదా, అప్పడాలు అమ్మే ముసలామె దగ్గర అవసరం లేకపోయినా కొనేదా, అవి రాయండి. దానం ఆ మనిషి పోలికతో ఉండాలి. సినిమాలంటే ప్రాణం పెట్టిన మనిషి పేరు మీద ఊరికే ఎక్కడో రసీదు చింపించుకుని వస్తే, ఇంటికొచ్చాక మనసు ఖాళీగానే ఉంటుంది. మీకు ఒక్కరికే తోచకపోతే ఆయన స్నేహితులకి ఫోన్ చేయండి. వాళ్ళకీ ఆయన గురించి మాట్లాడాలని ఉంటుంది, ఎవరూ అడగరు, అంతే.

డబ్బు సంగతి

బ్యాంకులో ఏడాది రికరింగ్ డిపాజిట్ పెట్టుకోండి. నెలకి 500 అయితే పుట్టినరోజు నాటికి 6,000, పైన కొంచెం వడ్డీ. ఆ డబ్బు ఆయన పేరు మీద అనుకున్నాక వేరే ఖర్చుకి చెయ్యి వెళ్ళదు. అంత కుదరకపోతే వంద పెట్టండి. అప్పు చేసి, నగ తాకట్టు పెట్టి చేయకండి. అలా చేస్తే బతికి ఉంటే ఆయనే కోప్పడేవారు.

మొదటి ఏడాదిలో పెద్ద మొత్తాలు ఎవరికీ రాసివ్వకండి. ఇది నేను గట్టిగా చెబుతాను. రిటైర్‌మెంట్ డబ్బో ఇన్సూరెన్స్ డబ్బో ఒక్కసారిగా చేతికొస్తుంది, దాన్ని చూస్తేనే బాధగా ఉంటుంది, ఎవరికైనా ఇచ్చేస్తే బాగుండు అనిపిస్తుంది. ఆ డబ్బు మీరు బతకడానికి. శాశ్వత నిధి, శాశ్వత అన్నదానం లాంటివి రెండేళ్ళు ఆగి, పిల్లలతో కూర్చుని ఆలోచించుకుని చేయండి.

సంస్థకి ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి. యూపీఐలో పంపేముందు తెర మీద వచ్చే పేరు సంస్థదో, అక్కడ పనిచేసే మనిషిదో చూసుకోండి. పాత పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్ళకి దానం మీద మినహాయింపు వస్తుంది, కొత్త పద్ధతిలో రాదు. 2,000 రూపాయలు దాటిన దానం నగదుగా ఇస్తే మినహాయింపు లేదు, బియ్యం, బట్టలు లాంటి వస్తువులకీ లేదు. సంస్థ నుంచి దానం సర్టిఫికెట్ రావాలి, అది అడిగి తీసుకోండి. దాత పేరు, పాన్ మీవే ఉంటాయి, ఆయన జ్ఞాపకార్థం అని రసీదులో రాయమంటే రాస్తారు.

రెండు వారాల ముందు: అడగండి, ఆ తర్వాతే కొనండి

రెండో ఏడాది నేను అడగలేదు. నూట ఇరవై పెరుగన్నం ప్యాకెట్లు కట్టించి, మధ్యాహ్నం పన్నెండింటికి ఆటోలో వేసుకుని ఒక పిల్లల ఆశ్రమానికి తీసుకెళ్ళాను. మే నెల ఎండ. అప్పటికే ఆ రోజు ఇంకో ఇద్దరు దాతలు భోజనాలు పెట్టేసి వెళ్ళారు. అక్కడి వార్డెనమ్మ నొప్పించకుండానే చెప్పింది, "సాయంత్రానికి ఉంచుదామంటే పులిసిపోతుందండీ" అని. ఇంకెక్కడికి తీసుకెళ్ళాలో తెలియక రెండు గంటలు తిరిగాను. సగం పంచగలిగాను, మిగతా సగం పాడైపోయింది. ఆయన పేరు మీద వండించిన అన్నం పారబోయడం కంటే పెద్ద శిక్ష నాకు లేదు.

అందుకే ఇప్పుడు రెండు వారాల ముందే ఫోన్ చేస్తాను. మూడు ప్రశ్నలు అడగండి: ఆ తేదీన ఇంకెవరైనా వస్తున్నారా, ఎంతమంది ఉన్నారు, మీకు నిజంగా ఏం తక్కువగా ఉంది? చాలాసార్లు అన్నం కాకుండా ఫినాయిలు, దుప్పట్లు, పెద్దవాళ్ళ డైపర్లు, గ్యాస్ సిలిండర్ డబ్బులు అంటారు. చెప్పడానికి మొహమాటపడతారు కాబట్టి మీరే అడగాలి.

ఈ ఊళ్ళో దారులకి కొదవలేదు. డాబాగార్డెన్స్‌లో ప్రేమ సమాజం ఉంది, అనాథ పిల్లలూ వృద్ధులూ ఇద్దరూ ఉంటారు. సింహాచలంలో అన్నదానానికి దేవస్థానంలోనే కట్టి రసీదు తీసుకోవచ్చు. అగనంపూడి దగ్గర హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, క్యాన్సర్‌తో పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళకి అక్కడి కష్టం ఒకరు చెప్పనక్కర్లేదు. చదువంటే ఇష్టపడ్డ మనిషైతే ద్వారకానగర్ పౌర గ్రంథాలయం ఉంది, పుస్తకాలు తీసుకెళ్ళేముందు జాబితా చూపించి ఏవి కావాలో కనుక్కోండి.

పిల్లల ఆశ్రమాలైతే జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్టరయ్యాయో లేదో చూసుకోండి. అక్కడ ఫోటోలు తీయకండి. 2015 నాటి ఆ చట్టం ప్రకారం అలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడం నేరం, వాట్సాప్ స్టేటస్‌కీ అదే వర్తిస్తుంది. చట్టం మాట అటుంచండి, అన్నం ప్లేటు పట్టుకుని కెమెరా వైపు నవ్వాల్సి రావడం ఆ పిల్లకి ఎలా ఉంటుందో ఆలోచించండి.

అన్నమే పెట్టాలనుకుంటే ఎండాకాలంలో పెరుగన్నం, కొబ్బరి పచ్చడి వద్దు. చింతపండు పులిహోర నిలుస్తుంది. కిలో బియ్యానికి ఎనిమిది నుంచి పది మందికి వస్తుంది. విస్తరాకులో గానీ పోకమట్ట ప్లేట్లలో గానీ పెట్టండి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం.

కేజీహెచ్ గేటు దగ్గర

మా పుట్టినరోజు పని ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి, ఒడిశా నుంచి కూడా రోగుల్ని ఇక్కడికే తెస్తారు. రోగికి మంచం ఉంటుంది. వెంట వచ్చిన మనిషికి ఏమీ ఉండదు. రెండు రోజుల్లో వెళ్ళిపోతాం అనుకుని ఒక్క సంచితో వచ్చి ఇరవై రోజులు ఉండిపోతారు.

లోపలి రోగులకి నేరుగా ఏమీ ఇవ్వకండి. ఎవరికి ఏం తినకూడదన్నారో మీకు తెలియదు. వార్డులో ఇవ్వాలంటే ముందు ఆసుపత్రివాళ్ళ అనుమతి తీసుకోండి. బయట కాపలా ఉన్నవాళ్ళ దగ్గరికి తెల్లవారుజామున ఐదున్నరకి వెళ్ళండి. మేం దగ్గర్లోని టీ బండి అతనికి ముందురోజే డబ్బు ఇచ్చి ఉంచుతాం. టీ ఇస్తూ ఊరికే నిలబడితే వాళ్ళే మాట్లాడతారు. మూడో ఏడాది మా అమ్మాయి పులిహోర పొట్లం ఇస్తే పలాస వైపు నుంచి వచ్చిన ఒకామె చేత్తో వెనక్కి తోసింది. "బువ్వకేటి లోటు లేదమ్మా. సబ్బుముక్కుంటే ఇయ్యి, గుడ్డలు ఉతుక్కోవాల." కట్టుకున్న చీర తొమ్మిది రోజుల నుంచి అదే. మా అమ్మాయి అప్పటికప్పుడు పరిగెత్తి ఎదురు కొట్లో సబ్బులు కొనుక్కొచ్చింది.

అప్పటి నుంచి మా సంచిలో ఇవి ఉంటాయి: బట్టల సబ్బు, ఒంటి సబ్బు, చిన్న కొబ్బరినూనె సీసా, పళ్ళపొడి, దువ్వెన, ఒక తువ్వాలు, హవాయి చెప్పులు రెండు మూడు సైజుల్లో. బాలింతల దగ్గర ఉన్నవాళ్ళకి వేడినీళ్ళ ఫ్లాస్కు. చిన్న పిన్ను, పెద్ద పిన్ను రెండూ ఉన్న ఫోన్ చార్జర్ ఒకటి అందరూ వాడుకునేలా టీ బండి అతని దగ్గర పెట్టి వస్తాం. పూర్ణా మార్కెట్‌లో హోల్‌సేల్‌గా కొంటే బాగా కలిసొస్తుంది. సంచి మీద ఆయన పేరు వేయించమని మా అబ్బాయి అన్నాడు, నేను వద్దన్నాను. ఆయనకి టీ ఇచ్చిన మనిషి పేరు చెప్పలేదు.

రక్తం, కళ్ళు

పిల్లలు డబ్బు పెట్టలేని వయసులో ఉంటే రక్తదానం చేయించండి. 18 ఏళ్ళు నిండాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వచ్చు. ఎండాకాలంలో కాలేజీలకి సెలవులు, క్యాంపులు తగ్గుతాయి, బ్లడ్ బ్యాంకులకి అప్పుడే కటకట. కాబట్టి పుట్టినరోజు మే నెలలో అయితే ఇంతకంటే మంచి పని లేదు. టిఫిన్ తిని, నీళ్ళు బాగా తాగి వెళ్ళమనండి.

మా ఆయన కళ్ళు ఇవ్వలేకపోయాం. రాత్రి పదకొండింటికి పోయారు. ఆ హడావుడిలో ఎవరికీ తోచలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆయన స్నేహితుడొకరు అడిగేసరికి సమయం దాటిపోయింది. ఆ బాధతోనే తర్వాతి పుట్టినరోజున ఇంటిల్లిపాదీ నేత్రదానానికి ఒప్పుకుంటూ సంతకాలు పెట్టాం. హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, మొహ్సిన్ ఐ బ్యాంకు అక్కడిదే. గుర్తుంచుకోవలసినవి ఇవి: ప్రాణం పోయిన ఆరు గంటల లోపు తీయాలి. ఫ్యాన్ ఆపేయాలి, కళ్ళు మూసి పైన తడి దూది పెట్టాలి, తల కింద దిండు పెట్టి కొంచెం ఎత్తుగా ఉంచాలి. కళ్ళజోడు ఉన్నా, షుగర్ ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వచ్చు. వాళ్ళే ఇంటికి వస్తారు, అరగంటలోపు అయిపోతుంది, ముఖం వికారంగా మారదు. సంతకం పెట్టిన కార్డు కంటే ఇంట్లోవాళ్ళకి చెప్పి ఉంచడం ముఖ్యం, ఎందుకంటే ఆ సమయానికి ఫోన్ చేయాల్సింది వాళ్ళే. ఐ బ్యాంకు నంబరు మా ఫ్రిజ్ తలుపు మీద అతికించి ఉంది.

ఆ రోజు ఇంట్లో

గేటు దగ్గర నుంచి ఎనిమిదింటికల్లా వచ్చేస్తాం. స్నానం చేసి ఫోటో అద్దం తుడిచి పూలదండ వేస్తాను. గోడ మీద పెద్ద ఫోటో ఉన్నా, ఆ రోజు అరకులో తీసిన చిన్న ఫోటో బల్ల మీదకి వస్తుంది. అందులో మఫ్లరు చుట్టుకుని నవ్వుతూ ఉంటారు. మీరూ నవ్వుతున్న ఫోటో ఒకటి తీసి పెట్టండి. నేను ఆ రోజు బొట్టు పెట్టుకుంటాను, తలలో పూలు పెట్టుకుంటాను. అది నా నిర్ణయం. మీ నిర్ణయం మీరు చేసుకోండి, మరొకరిని చేయనివ్వకండి. క్రైస్తవులైన మా పక్కింటి ఆవిడ భర్త పుట్టినరోజున సమాధి దగ్గర పూలు పెట్టి, ఇంటికొచ్చి ప్రార్థన కూడిక పెట్టుకుంటుంది. ఎవరి పద్ధతి వాళ్ళది.

ఆయనకి ఇష్టమైనది వండండి. మా ఆయనకి వంజరం పులుసు. కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లకి సముద్రంలో వేట నిషేధం. హార్బరులో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మంచి వంజరం దొరకదు, దొరికినా కొనలేం. ఆయన ఉన్నప్పుడూ అంతే, పుట్టినరోజుకి ఎండునెత్తళ్ళు వంకాయ వేసి వండమనేవారు. ఇప్పుడూ అదే వండుతాను. మాకు ఎప్పుడూ చేపలు తెచ్చే ఆమెకి ఆ రెండు నెలలు చేతిలో పని ఉండదు కాబట్టి, ఆ రోజు పది కిలోల బియ్యం వాళ్ళింటికి వెళ్తాయి. మన చుట్టుపక్కల చూస్తే దానానికి ఎంతో దూరం వెళ్ళనక్కర్లేదు.

భోజనాల దగ్గర ఒక్కొక్కరూ ఆయన గురించి ఒక సంగతి చెప్పాలని మా ఇంట్లో నియమం. కోపం తెప్పించిన సంగతులు కూడా. మంచివే చెప్పాలంటే రెండేళ్ళకి అయిపోతాయి, ఆయన గోడ మీది ఫోటోలా అయిపోతారు.

సాయంత్రం ఒంటరిగా ఉండకండి, ముఖ్యంగా మొదటి రెండేళ్ళు. అందరూ వెళ్ళిపోయాక వచ్చే రాత్రే కష్టం. ఎవరినైనా పడుకోవడానికి రమ్మనండి. రోజుల తరబడి నిద్ర లేకపోయినా, నేనూ పోతే బాగుండు అనిపిస్తున్నా 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అలా చేయడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, నేను చేశాను.

ఎండ తగ్గాక మేం ఆర్కే బీచ్‌కి వెళ్తాం. సబ్‌మెరీన్ మ్యూజియం దాటాక గట్టు మీద కూర్చుంటాం. చీకటి పడితే పోర్టులోకి వంతు కోసం ఆగిన ఓడల దీపాలు నీళ్ళ మీద వరసగా వెలుగుతాయి. ఆయన వేలు చాపి లెక్కపెట్టేవారు, ఇది బొగ్గు ఓడ, అది నూనె ఓడ అని. ఇప్పుడు మా మనవడు లెక్కపెడతాడు. వేట లేని రోజులు కాబట్టి మర బోట్ల దీపాలు కలవవు, లెక్క సులువు. పోయిన ఏడాది తొమ్మిది.

రాత్రి పడుకునే ముందు

నోటుబుక్కు తీసి ఎంత ఖర్చయింది, ఏం సరిపోలేదు, ఏం మిగిలింది రాయండి. తెల్లారితే మరిచిపోతారు. వచ్చే ఏడాది రెండు వారాల ముందు తెరవాల్సింది ఆ పేజీనే. మా చివరి పేజీ ఇది:

టీలు – 80, బండి అతనికి ముందే ఇవ్వాలి.
బట్టల సబ్బులు 60 సరిపోలేదు, 100 తేవాలి.
చెప్పులు ఆడవాళ్ళ సైజులు ఎక్కువ కావాలి.
ఫ్లాస్కులు 5.
పెద్ద వదినగారికి మోకాళ్ళ నొప్పి, గేటు దగ్గర కుర్చీ.